ఆకాశంలో ప్రీలాంచ్ ఆఫర్

మొన్నటి వేసవిలో ఊళ్ళో కరెంటు పోతే అందరం డాబా ఎక్కి పడుకున్నాం. చీకటి పడి ఇంకా గంట కాలేదు. పిల్లలు ఒక్కసారిగా గోల పెట్టారు. చూస్తే నెత్తిమీద చుక్కల వరుస. పెళ్ళి ఊరేగింపులో దీపాలు మోసేవాళ్ళలా ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా, కింద ఎవరున్నారో పట్టించుకోకుండా సాగిపోతోంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు. రాకెట్టులోంచి దిగిన కొత్తలో అట్లా వరుసగా పోతాయి. తర్వాత దేని ఎత్తుకు అది సర్దుకుంటుంది.

మా చిన్నాయన భూముల బ్రోకరు. శంకర్‌పల్లి నుంచి సదాశివపేట దాకా ఆయన కాలు పెట్టని సర్వే నంబరు లేదు. పిల్లలు చుక్కలు లెక్కపెడుతుంటే ఆయన మాత్రం అసలు ప్రశ్న వేశాడు.

"గా జాగ ఎవలిది రా?"

"ఎవరిదీ కాదు చిన్నాయనా. అంతరిక్షం మనుషులందరిదీ, ఏ దేశమూ నాది అనడానికి లేదని 1967లోనే ఒప్పందం రాసుకున్నారు."

"పట్టా లేదు?"

"లేదు."

"హద్దు రాళ్ళు?"

"లేవు."

"తహసీల్దారు?"

"లేడు."

ఆయన లేచి కూచున్నాడు. "మరి మనోళ్ళు గింతసేపు ఏం జేస్తున్నర్రా?"

ఇప్పుడు వియన్నాలో ఉన్న ఐక్యరాజ్య సమితి కమిటీ ఒకటి 1959 నుంచి ఈ విషయం మీదే కూచుంది. అందరూ ఒప్పుకుంటే తప్ప ముందుకు కదలకూడదన్నది దాని నియమం. అందువల్ల చాలా పద్ధతిగా, ఎక్కడికీ కదలకుండా నడుస్తోంది. వాళ్ళకు ఆరు దశాబ్దాలు పట్టినా తేలనిది మా చిన్నాయనకు ఆరు మాటల్లో తేలింది. అది చెరువు శిఖం. ఎవరికీ చెందదు కాబట్టి ముందు గోడ కట్టినవాడిది.

నిజం చెప్పాలంటే పైన కూడా రిజిస్ట్రారు ఆఫీసు లాంటిది ఒకటుంది. జెనీవాలో ఉంటుంది, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ అంటారు. అది జాగా ఇవ్వదు. ఏ ఉపగ్రహం ఏ రేడియో తరంగాలు వాడుకుంటుందో నమోదు చేసుకుంటుంది. ముందు అర్జీ పెట్టినవాడికి ముందు వరుస. ఇంత అమాయకమైన నియమం కనిపిస్తే లోకంలో ఎవరు ఊరుకుంటారు? పసిఫిక్ సముద్రంలో టోంగా అని చిన్న రాజ్యముంది. జనం లక్షమంది. సొంత ఉపగ్రహం లేదు, రాకెట్టు లేదు. 1980ల చివర భూస్థిర కక్ష్యలో ఏకంగా 16 స్థానాలకు అర్జీ పెట్టింది. పెద్ద దేశాలు గగ్గోలు పెట్టాక కొన్నిటితో సరిపెట్టుకుని, వాటిని అద్దెకిచ్చుకుంది. నన్నడిగితే ఆ కక్ష్యలో నిజాయితీగా వ్యాపారం చేసింది టోంగా ఒక్కటే. తాను అద్దెల మీద బతుకుతున్నానని దాచుకోలేదు.

అంతకుముందు 1976లో భూమధ్యరేఖ మీదున్న ఎనిమిది దేశాలు బొగోటాలో కూచుని, మా నెత్తిన ఉన్న భూస్థిర కక్ష్య మాదేనని తీర్మానం చేశాయి. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన నోటీసుకున్న విలువ కూడా దానికి దక్కలేదు. రాకెట్టు లేనివాడి చేతిలో పట్టా ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

ఇక 2021లో రువాండా వంతు. ఏకంగా 3,27,000 ఉపగ్రహాలకు జెనీవాలో అర్జీ పడింది. స్పుత్నిక్ మొదలు అప్పటిదాకా మనిషి పైకి పంపినవన్నీ పోగేసినా పదిహేను వేలు కావు. మా హైదరాబాదులో దీన్ని ప్రీలాంచ్ అంటారు. అనుమతి ఉండదు, పునాది ఉండదు, గొయ్యి కూడా తీసి ఉండరు. బ్రోచరు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ లాంచ్ అంటే రిబ్బను కత్తిరించడం.

అసలు బిల్డరు ఎలాన్ మస్క్. 2019 మే నెలలో 60 ఉపగ్రహాలతో శంకుస్థాపన చేశాడు. మొదట 12 వేలు అడిగాడు, అమెరికా ప్రభుత్వం ఇచ్చింది. తర్వాత ఇంకో 30 వేలు అడిగాడు. ఇప్పుడు ఆకాశంలో పనిచేస్తున్న ఉపగ్రహాలు పదివేలు దాటాయి, అందులో సగానికి మించి ఆయనవే. ఊళ్ళో సగం ఇళ్ళు ఒకే మనిషివైతే ఆయన్ని సర్పంచి అంటారా, భూస్వామి అంటారా అన్నది మీరు తేల్చుకోండి. పక్కనే అమెజాన్‌వారి వెంచరు, 3,236 ప్లాట్లు. చైనావారి లేఅవుట్లు రెండు, ఒక్కొక్కటీ పదివేలకు మించినవే. అందరి బ్రోచరులోనూ మొదటి పేజీలో ఒకే బొమ్మ: మారుమూల పల్లె, చెట్టుకింద బడి, పిల్లవాడి చేతిలో ట్యాబు.

ఆ బొమ్మ పూర్తిగా అబద్ధం కాదు. తుపాను వచ్చి టవర్లన్నీ ఒరిగిపోయిన రోజున ఉత్తరాంధ్రలో ఫోను కోసం కొండెక్కినవాళ్ళకు దాని విలువ తెలుసు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2025లో స్టార్‌లింక్‌కు లైసెన్సు ఇచ్చింది. పల్లెకు ఇంటర్నెట్ కావాలి, కాదన్నవాడు పాపాత్ముడు. అయితే పల్లె పేరు చెప్పి తెచ్చిన పథకం చివరికి ఎవరి పెరట్లో తేలుతుందో డెబ్బై అయిదేళ్ళుగా చూస్తున్నవాళ్ళం మనం. కొంచెం అనుమానం మన హక్కు.

ఈ ఊరేగింపుల వల్ల మొదట కళ్ళు పోయింది ఖగోళ శాస్త్రవేత్తలకు. చిలీలోని సెర్రో టొలోలో అబ్జర్వేటరీలో 2019 నవంబరులో తీసిన ఒక్క ఫొటోకు అడ్డంగా 19 స్టార్‌లింక్ ఉపగ్రహాలు గీతలు గీసుకుంటూ పోయాయి. కోట్ల సంవత్సరాల కిందట బయల్దేరిన వెలుగు ఎవరికీ అడ్డు తగలకుండా వచ్చివచ్చి, గడప దగ్గరికి చేరాక కేబుల్ వైరు తట్టుకుని బోర్లా పడిందన్నమాట.

నక్షత్రాలు పోతే పోనివ్వండి, వాటికి ఓటు లేదు. భయమంతా చెత్తతో.

పైన తిరిగేవాటి వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైమాట. హైదరాబాదులో బయల్దేరితే నలభై సెకన్లు తిరక్కముందే విజయవాడ. పంతంగి టోల్‌గేటు దగ్గర ఆగే పనిలేదు. ఆ వేగంలో ఏ వస్తువైనా తూటాయే. 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీ అద్దానికి గుంట పడింది. కొట్టిందేమిటా అని చూస్తే రంగు పెచ్చు, మిల్లీమీటరులో అయిదో వంతు. గోడ మీది సున్నం గీరితే గోటికింత ఇరుక్కుంటుంది చూడండి, అది. ఇప్పుడు శనగగింజ కంటే పెద్ద ముక్కలు 12 లక్షలకు పైగా ఉన్నాయని యూరప్ అంతరిక్ష సంస్థ అంచనా. రాడార్లకు అంది, లెక్కలో ఉన్నవి సుమారు 40 వేలు. మిగతావన్నీ ఆధార్ కార్డు లేని జనాభా. ఉన్నాయని తెలుసు, ఎక్కడున్నాయో తెలియదు.

1978లో నాసాలో పనిచేసే డొనాల్డ్ కెస్లర్ మరొకరితో కలిసి లెక్క కట్టి చూపించాడు. రెండు ఢీకొంటే వెయ్యి ముక్కలవుతాయి. ఆ వెయ్యి వెళ్ళి ఇంకోదాన్ని కొడతాయి. సీమటపాకాయల జడకు ఒక కొస అంటిస్తే చాలు కదా, రెండో కొస దగ్గర ఎవరూ పుల్ల గీయనక్కర్లేదు. కాకపోతే ఈ జడ కాలడానికి దశాబ్దాలు పడుతుంది. అదే వచ్చిన చిక్కు. ఎన్నికల కాలపరిమితి అయిదేళ్ళు, కంపెనీ లెక్కల కాలపరిమితి మూడు నెలలు. దశాబ్దాల ప్రమాదానికి భయపడే ఉద్యోగం ఎవరికీ లేదు.

కెస్లర్ చెప్పిన ముప్పై ఏళ్ళకు మొదటి పెద్ద టపాకాయ పేలింది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద, 789 కిలోమీటర్ల ఎత్తున, అమెరికావారి ఇరిడియం 33ను రష్యావారి కోస్మోస్ 2251 గుద్దింది. అమెరికాది బతికున్న బండి. రష్యాది ఎన్నో ఏళ్ళ కిందటే చచ్చి, స్టీరింగు దగ్గర ఎవరూ లేకుండా తిరుగుతున్న బండి. లెక్కకు దొరికిన ముక్కలే దాదాపు రెండు వేలు. ఎఫ్ఐఆర్ లేదు, పంచనామా లేదు. రెండు ఆర్టీసీ బస్సులు రాసుకుంటే డ్రైవర్లు కిందికి దిగి అరగంట వాదించుకుంటారు. ఇక్కడ అదీ లేదు.

తెలుగు పల్లెకు ఆకాశం చెత్తతో పాత చుట్టరికం. 1979లో నాసావారి స్కైలాబ్, 77 టన్నుల ఇల్లు, అదుపు తప్పి కూలిపోతోందని రేడియోలు మోగాయి. ఎక్కడ పడుతుందో నాసాకే తెలియదు. అయినా మన పల్లెల్లో అందరికీ తెలుసు, సరిగ్గా తమ ఊరి మీదే. చచ్చేటప్పుడు అప్పు ఉంటే మాత్రమేం అని కోళ్ళు కోశారు, మేకలు కోశారు, కల్లుకుండలు దించారు. ఆ ఏడు పుట్టిన బిడ్డలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 2021లో ఆ పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. స్కైలాబ్ పడేనాటికి మా చిన్నాయన పదేళ్ళవాడు. తాత బోనాలకని మేపుతున్న పొట్టేలును రెండు వారాల ముందే కోయించాడట. "ఆ కూర తిన్నంక చచ్చినా ఫర్వలేదనిపిచ్చింది రా బిడ్డా" అంటాడు ఇప్పటికీ. జులై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీదుగా పోయి, ముక్కలు పడమటి ఆస్ట్రేలియాలో పడ్డాయి. తెల్లారి ఊరంతా బతికే ఉంది. పొట్టేలు లేదు.

ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి పాలకమండలి చేసిన పని చూడండి. బహిరంగ ప్రదేశంలో చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. నాసా కట్టలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత, 2009లో, కాలిఫోర్నియాలో రేడియో కార్యక్రమం చేసే ఒకాయన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి ఆ బాకీ తీర్చాడు. ప్రపంచంలో అతి శక్తిమంతమైన అంతరిక్ష సంస్థ పడేసిన చెత్తకు పరిహారం చందాల మీద వచ్చిందంటే, మా తాత పొట్టేలు కోసం అర్జీ పెట్టుకోకపోవడమే మేలయింది.

స్కైలాబ్ పడడానికి ముందు ఏడాది, 1978 జనవరిలో, సోవియట్ వారి కోస్మోస్ 954 అణు రియాక్టరుతో సహా కెనడా మంచులో కూలింది. కెనడా 60 లక్షల డాలర్లు అడిగింది, సోవియట్ యూనియన్ 1981లో 30 లక్షలు ఇచ్చింది. అంతరిక్ష వస్తువుల వల్ల జరిగిన నష్టానికి ఎవరు బాధ్యులో చెప్పే ఒప్పందం 1972 నుంచి ఉంది. దాని కింద ఒక దేశం మరో దేశాన్ని అడిగి పుచ్చుకున్న కేసు ఇదొక్కటే. మిగిలిన కాలమంతా ఆ ఒప్పందం బీరువాలో భద్రంగా ఉంది.

ఇంతవరకూ చెప్పింది పొరపాట్ల సంగతి. కావాలని పగలగొట్టిన పెద్దమనుషుల సంగతి వేరే. వీళ్ళు నలుగురు. 1985లో అమెరికా ఇంకా పనిచేస్తున్న తన ఉపగ్రహాన్నే కొట్టి చూసుకుంది. 2007 జనవరిలో చైనా 865 కిలోమీటర్ల ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని పేల్చింది. లెక్కకొచ్చిన ముక్కలే మూడు వేలకు పైన, చాలా భాగం ఇప్పటికీ అక్కడే. అదే 2007లో ఐక్యరాజ్య సమితి అంతరిక్ష చెత్త తగ్గించడానికి మార్గదర్శకాలు ఆమోదించింది. పాటించడం స్వచ్ఛందం. మన ఊళ్ళో గోడ మీద 'ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు' అని రాసి ఉంటుందే, అంత స్వచ్ఛందం.

మూడో పెద్దమనిషి మనమే. శ్రీహరికోట నుంచి 2019 జనవరిలో వెళ్ళిన మైక్రోశాట్-ఆర్ అనే ఉపగ్రహాన్ని మార్చి 27న క్షిపణితో మనమే కొట్టాం. రెండు నెలల పసిగుడ్డు. ప్రధాని టీవీలో కనిపించి, మనం ప్రపంచంలో నాలుగో అంతరిక్ష శక్తి అయ్యామని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోలింగుకు ఇంకా పదిహేను రోజులుంది. కక్ష్యలెంత దగ్గరగా కలిశాయో చూశారా! 300 కిలోమీటర్ల లోపు ఎత్తే కాబట్టి ముక్కలన్నీ 45 రోజుల్లో కాలిపోతాయని రక్షణ శాస్త్రవేత్తలు భరోసా ఇచ్చారు. ఎక్కువ భాగం తొందరగానే కాలిపోయాయి, ఒప్పుకోవాలి. చైనా చేసినదానితో పోలిస్తే మనది బాధ్యత గల విధ్వంసం. అయితే కొన్ని ముక్కలు పైకెగిరి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కంటే ఎత్తుకు పోయాయి, ఏడాది దాటినా దిగిరాలేదు. ఎన్నికల హామీల్లో 45 రోజులకు సరిగ్గా తీరినవి ఎన్నున్నాయి కనుక, దీన్నొక్కదాన్నే నిలదీయడానికి?

నాలుగోవాడు రష్యా. 2021 నవంబరు 15న తన పాత ఉపగ్రహాన్ని పేల్చి పదిహేను వందల ముక్కలు చేసింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఏడుగురూ పరుగున వెళ్ళి తమ తమ నౌకల్లో దూరి, తలుపులు బిగించుకుని కూచోవలసి వచ్చింది. వాళ్ళలో మన రాజాచారి ఒకడు, తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళినాయన. పైకి వెళ్ళి వారం కాలేదు పాపం. రష్యన్లు కూడా ఇద్దరున్నారు. సొంత దేశం విసిరిన రాయి తగలకుండా నక్కి కూచోవడమనే అనుభవం భూమ్మీద చాలామంది పౌరులకు పరిచయమే. అంత ఎత్తున మాత్రం కొత్త.

చైనా కథకు కొసరు 2025 నవంబరులో వచ్చింది. వాళ్ళ షెంజౌ-20 నౌక కిటికీకి పగుళ్ళు కనిపించాయి, చిన్న చెత్త ముక్క తగిలి ఉంటుందన్నారు. అందులో దిగిరావలసిన ముగ్గురు వేరేవాళ్ళ నౌకలో ఇంటికొచ్చారు. ఆ ముక్క 2007లో తాము చల్లినదేనా అంటే చెప్పలేం. చెత్తకు పుట్టుమచ్చలుండవు.

ఇట్లా ఉపగ్రహాలను క్షిపణులతో కొట్టడం మానుకుందామని 2022 డిసెంబరులో ఐక్యరాజ్య సమితిలో తీర్మానం పెడితే 155 దేశాలు సరేనన్నాయి. రష్యా, చైనా కాదన్నాయి. మనం ఏమీ అనలేదు, ఓటింగుకు దూరంగా ఉండిపోయాం. పంచాయతీలో మాట పడకుండా గోడ నీడన నిలబడే అల్లుడిలాగా.

ఇస్రోను అందామంటే నోరు రాదు. మనవాళ్ళు, పైగా తక్కువ ఖర్చులో పని చేసేవాళ్ళు. అయినా మన వంతు పిడికెడు మనమూ వేశాం. 2001 అక్టోబరులో వెళ్ళిన పీఎస్ఎల్‌వీ-సీ3 రాకెట్టు చివరి దశ, పని ముగించుకుని పైనే తిరుగుతూ, డిసెంబరులో పేలిపోయి మూడు వందలకు పైగా ముక్కలైంది. 2017 ఫిబ్రవరిలో ఒకే రాకెట్టులో 104 ఉపగ్రహాలు పంపి ప్రపంచ రికార్డు కొట్టాం. అందులో మనవి మూడు, అమెరికా కంపెనీలవి 96. ఆటోలో జనాన్ని కుక్కడంలో మనల్ని మించినవాళ్ళు లేరని లోకమంతా మెచ్చుకుంది. 2021 జనవరిలో మస్క్ 143 కుక్కి ఆ రికార్డూ లాక్కున్నాడు. వన్‌వెబ్ కంపెనీకి 2022లో 36, 2023లో మరో 36 మోసిపెట్టాం. ఆకాశం నిండిపోతోందని బాధపడేవాళ్ళలో కిరాయికి ఎక్కించుకున్న ఆటోవాడూ ఉన్నాడు. అతని బాధ కూడా నిజమే.

శ్రీహరికోటలో ప్రయోగానికి ముందు తిరుమలలో నమూనా రాకెట్టుకు పూజ, సూళ్ళూరుపేట చెంగాళమ్మకు మొక్కు ఆనవాయితీ. సైన్సువాళ్ళకు ముహూర్తాలేమిటని వెక్కిరించేవాళ్ళు ఇక కొంచెం తగ్గాలి. 2023 జులై 14న చంద్రయాన్-3 అనుకున్న వేళ కంటే నాలుగు సెకన్లు ఆలస్యంగా లేచింది. దారిలో అడ్డొచ్చేదేదో లెక్కలో తేలింది. అదే నెల 30న పీఎస్ఎల్‌వీ-సీ56ను పూర్తిగా ఒక నిమిషం ఆపారు, అదే కారణం. ఈ లెక్కను వాళ్ళు ముద్దుగా 'కోలా' అంటారు, తాగేది కాదు. రాహుకాలం, యమగండం, వర్జ్యం మన పంచాంగంలో ఎప్పటినుంచో ఉన్నాయి. కొత్తగా ఒక గడి చేర్చుకోవాలి: చెత్తగండం. మొదటి మూడింటినీ నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం.

2030 నాటికి మన ప్రయోగాలేవీ చెత్త మిగల్చకుండా చేస్తామని ఇస్రో మాట ఇచ్చింది. 2024లో ఒక రాకెట్టు చివరి దశను ప్రయోగాలకు వేదికగా వాడుకుని, పని అయ్యాక భద్రంగా కిందికి దించి కాల్చేసింది కూడా. పెళ్ళయ్యాక విస్తళ్ళు తామే ఎత్తిన మగపెళ్ళివారిని చూసినంత సంతోషం వేసింది నాకు. ఆ సంతోషంతోనే మిగతా పంక్తుల వైపు చూస్తే ఎవరూ లేవరు.

ఎందుకు లేవరంటే చట్టం అట్లా ఉంది. పైకి పంపిన వస్తువు, చచ్చినా ముక్కలైనా, పంపిన దేశానిదే. తాను ఎత్తదు, ఇంకొకడు అడక్కుండా ఎత్తితే దొంగతనం. అమెరికా 1958లో పంపిన వాన్‌గార్డ్-1 గొంతు 1964లోనే మూగబోయింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అద్దె కట్టడు, ఇల్లు ఖాళీ చేయడు, చచ్చాడందామంటే శవం కూడా వాళ్ళదే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నది మన సామెత. ఆకాశంలో గొర్రె ఉమ్మడి, పుచ్చిన పుండ్లకు మాత్రం పట్టాలున్నాయి.

యూరప్ వాళ్ళు ధైర్యం చేసి, తమదే అయిన ఒక పాత రాకెట్టు ముక్కను పట్టి దించడానికి క్లియర్‌స్పేస్-1 అని పథకం వేశారు. ఊడ్చేవాడు బయల్దేరకముందే 2023 ఆగస్టులో ఆ ముక్కను ఇంకో చెత్త ముక్క వచ్చి కొట్టింది. చీపురు ఇంకా కొననేలేదు, చెత్త పెరిగింది. తర్వాత వేరే వస్తువును ఎంచుకున్నారు.

జరిమానాల ముచ్చట కూడా ఒకటుంది. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం చరిత్రలో మొదటిసారి అంతరిక్ష చెత్తకు జరిమానా వేసింది. డిష్ అనే టీవీ కంపెనీ తన ముసలి ఉపగ్రహాన్ని కక్ష్యకు 300 కిలోమీటర్ల పైన ఉన్న శ్మశానానికి చేరుస్తానని ఒప్పుకుంది. మధ్యలో ఇంధనం చాలక 122 కిలోమీటర్ల దగ్గర దింపేసింది. శ్మశాన కక్ష్య అన్నది నా మాట కాదు, వాళ్ళు పెట్టుకున్న పేరే. పాడెను ఊరి చివరిదాకా మోయకుండా చౌరస్తాలో దించి వెళ్ళిపోయినందుకు ఆ కంపెనీ కట్టింది లక్షా యాభై వేల డాలర్లు. ఏటా వందల కోట్ల డాలర్లు తిరిగే వ్యాపారం అది. ఎస్పరెన్స్ రాసిన 400 డాలర్లతో పోలిస్తే చట్టం బాగా ఎదిగిందనే చెప్పాలి.

మస్క్‌గారి కారు ముచ్చట చెప్పకపోతే ఆయన నొచ్చుకుంటాడు. 2018లో సరదాకి తన ఎర్ర టెస్లా కారును రాకెట్టు మీద పెట్టి సూర్యుడి చుట్టూ తిరగడానికి పంపాడు. 2025 జనవరిలో ఖగోళవేత్తలు కొత్త గ్రహశకలం దొరికిందని సంబరపడి, 2018 సీఎన్41 అని పేరు పెట్టి నమోదు చేశారు. ఒక్కరోజు తిరక్కముందే కొట్టేశారు. తీరా చూస్తే ఆ కారు. కింద బండిని ఆర్టీఏ వాళ్ళు రిజిస్టరు చేస్తారు, పైన గ్రహశకలాల కార్యాలయం చేసింది. ఫ్యాన్సీ నంబరుకు ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు.

ఇవన్నీ ఆ రాత్రి డాబా మీద చెబుతుంటే చిన్నాయన మధ్యలో ఒకసారి అడిగాడు, "హైడ్రా ఆడికి రాదు గదా?" అని. రాదన్నాను. హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు కూల్చడానికి 2024లో పుట్టిన ఆ సంస్థ బుల్డోజరు చెరువుల దాకే వెళుతుంది. ఆయన తృప్తిగా తలాడించి, "కిందికి పడ్డదాంతోని ఏం జేస్తరు?" అన్నాడు.

కిందికి పడ్డది మనకు మరీ దూరమేం కాదు. 2022 ఏప్రిల్ 2, శుభకృత్ నామ సంవత్సర ఉగాది. ఆ సాయంత్రం మహారాష్ట్ర ఆకాశంలో నిప్పుల చారలు కనిపించాయి. మన ఆసిఫాబాద్ జిల్లాకు సరిహద్దున ఉన్న చంద్రపూర్‌లో, లాడ్‌బోరి అనే పల్లెలో, మూడు మీటర్ల లోహపు చక్రం ఒకటి వచ్చి పడింది. చుట్టుపక్కల ఊళ్ళలో లోహపు గుండ్లూ దొరికాయి. చైనా రాకెట్టు మిగులు అయి ఉంటుందని నిపుణుల అంచనా. ఆ పొద్దున పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అన్నీ చెప్పిన సిద్ధాంతులు ఎవరూ ఇది చెప్పలేదు. మనకూ గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. 2023 జులైలో మన పీఎస్ఎల్‌వీ మూడో దశ పడమటి ఆస్ట్రేలియా సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. స్కైలాబ్ ముక్కలు పడింది కూడా ఆ రాష్ట్రంలోనే.

"మూడు మీటర్ల చక్రమా? పాత ఇనుముల కిలోకెంతొస్తది?" అన్నాడు చిన్నాయన.

ఏమీ రాదు. అంతరిక్షం నుంచి పడిన వస్తువు, పంపిన దేశం అడిగితే తిరిగి ఇచ్చేయాలని 1968 నాటి ఒప్పందం చెబుతోంది. మన దేశమూ అందులో ఉంది. పైన ఉన్నంతకాలం తీసెయ్యమని ఎవరూ గట్టిగా అడగలేని చెత్త, మన పొలంలో పడ్డ మరుక్షణం ఒక విదేశపు ఆస్తి. కాబట్టి పాఠక మహాశయులారా, రేపు మీ చేలో నల్లగా కాలిన లోహపు గుండు ఏదైనా కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి. రాకెట్టు ఇంధనం మిగిలి ఉంటే అది విషం. పిల్లల్నీ గొడ్లనీ దూరంగా ఉంచండి, పోలీస్ స్టేషనుకు ఫోన్ చేయండి, పాత ఇనుప సామాన్ల బండివాడికి మాత్రం అమ్మకండి. పాడైన పంటకు 1972 ఒప్పందం కింద పరిహారం కావాలంటే అర్జీ మీరు పెడితే చెల్లదు. ఢిల్లీ సర్కారు, ఆ దేశం సర్కారుకు పెట్టాలి.